వార్డుకు ఎనిమిది అఫిడవిట్లు, చేతిలో తొమ్మిది రోజులు

2020 డిసెంబరు 1న జరిగిన గ్రేటర్ హైదరాబాద్ నగరపాలక సంస్థ (జీహెచ్‌ఎంసీ) ఎన్నికల్లో 150 వార్డులకు 1,122 మంది పోటీపడ్డారు. ఓటర్లు 74 లక్షల పైచిలుకు. అంటే వార్డుకు సుమారు 50 వేల మంది ఓటర్లు, ఏడెనిమిది మంది అభ్యర్థులు. ఓటేసినవాళ్లు నూటికి 47 మంది కూడా లేరు. ‘నిలబడ్డదెవరో తెలిస్తే కదా’ అనే మాట మనం వింటూనే ఉంటాం. అది కొంత సాకే అనుకున్నా, ఆ సాకు లేకుండా చేయడం మన చేతిలో పనే.

వివరాలు ఎక్కడ దొరుకుతాయి? అఫిడవిట్‌లో. తన ఆస్తులు, అప్పులు, చదువు, కేసుల గురించి అభ్యర్థి ప్రమాణం చేసి ఇచ్చే కాగితం అది. అహ్మదాబాద్ ఐఐఎం ఆచార్యులు 1999లో మొదలుపెట్టిన అసోసియేషన్ ఫర్ డెమోక్రటిక్ రిఫార్మ్స్ వేసిన కేసులో, చట్టసభల అభ్యర్థులు ఈ వివరాలు చెప్పాల్సిందేనని 2002లో సుప్రీంకోర్టు తేల్చింది. స్థానిక ఎన్నికలు నడిపేది రాష్ట్ర ఎన్నికల సంఘం. అక్కడా నామినేషన్‌తో ఇలాంటి ప్రకటన ఇవ్వాలి.

ఈ అఫిడవిట్లను ఓటర్ల కోసం ఒక పట్టికగా పెట్టడం ఎంత పని? ఒక్కో అఫిడవిట్ చదివి పట్టికలో ఎక్కించడానికి అరగంట అనుకుందాం. వార్డుకు నాలుగు గంటలు, అంటే ఆదివారం ఒక సినిమా, దాని తర్వాతి కునుకు మానుకుంటే చాలు. మొత్తం నగరానికైతే 561 గంటలు. 2020లో నామినేషన్ల ఉపసంహరణ నవంబరు 22న ముగిసింది. పోలింగ్‌కు మిగిలింది తొమ్మిది రోజులే. ఏడు సాయంత్రాలు, రోజుకు రెండేసి గంటలు కూర్చునేవాళ్లు 40 మంది కావాలి. ఒకరు ఎక్కించింది ఇంకొకరు సరిచూడాలంటే 80 మంది. 1,00,00,000లో ఒక సున్నా జారితే కోటి కాస్తా పది లక్షలవుతుంది కాబట్టి, ఆ రెండో మనిషిని వదులుకోకూడదు.

‘నాకూ ఓ పార్టీ అంటే ఇష్టమే, నేను పనికొస్తానా?’ తప్పకుండా. మీ వార్డు కాకుండా వేరే వార్డు తీసుకోండి. అఫిడవిట్‌లో లేనివి ఏమైనా అడగాలంటే అభ్యర్థులందరికీ అవే ప్రశ్నలు, అదే వరసలో పంపండి. జవాబు ఇవ్వనివారి పేరు ఎదురుగా ‘సమాధానం రాలేదు’ అని రాసి ఊరుకోండి. ‘తప్పించుకున్నారు’ అంటే అది మీ అభిప్రాయం అయిపోతుంది.

అసలు తడబాటు కేసుల గడి దగ్గరే. ‘ఆరు కేసులు’ అని రాస్తే చదివేవాళ్లు ఉలిక్కిపడతారు. ఆ ఆరూ ఐపీసీ 188, 341 కింద కావచ్చు. అధికారి ఆజ్ఞ మీరడం, దారికి అడ్డుపడటం: ధర్నాలు, రాస్తారోకోలు చేసేవాళ్లపై పడే సెక్షన్లు. పక్కవారిది ఒక్కటే కేసు, కానీ 307, హత్యాయత్నం. కేసుల లెక్కతో సరిపెట్టకుండా సెక్షన్, దాని అర్థం, కేసు ఏ దశలో ఉందో రాయాలి. కేసు ఉన్నంతమాత్రాన నేరం రుజువైనట్టు కాదు. 2024 జులై 1 నుంచి ఐపీసీ స్థానంలో భారతీయ న్యాయ సంహిత వచ్చింది కాబట్టి పాత కేసులకు పాత అంకెలు, కొత్తవాటికి కొత్తవి కనిపిస్తాయి. అందరికీ నోటికొచ్చిన 420 ఇప్పుడు 318లోకి వెళ్లింది.

మళ్లీ నిలబడ్డ కార్పొరేటర్ ఎన్ని సమావేశాలకు వచ్చారో, వార్డు పనులకు ఎంత ఖర్చయిందో అఫిడవిట్‌లో ఉండదు. దానికి సమాచార హక్కు దరఖాస్తు వేయాలి. రుసుము పది రూపాయలే, కానీ జవాబివ్వడానికి అధికారికి 30 రోజుల గడువుంది. నామినేషన్ల సందడి మొదలయ్యాక వేస్తే జవాబు ఫలితాల తర్వాతే చేతికందవచ్చు. ఈ ఒక్క పని మాత్రం ఎన్నికల ప్రకటనకు రెండు నెలల ముందే కానివ్వాలి.