పాలీహౌసులో ఈగలు: ఏది ఏదో ఎలా పోల్చుకోవాలి?

బెంగళూరు నుంచి హోసూరు వెళ్ళే దారిలో బొమ్మసంద్ర ఉంది. ఫ్యాక్టరీల ఊరుగా దానికి పేరు. 2025 ఆగస్టులో మెట్రో రైలు కూడా అక్కడిదాకా వచ్చింది. ఆ ఊరు దాటి ఆనేకల్లు, అత్తిబెలె, హోసూరు పొలాల వైపు వెళితే ప్లాస్టిక్ కప్పు వేసిన పాలీహౌసులు కనబడతాయి. వాటిలో గులాబీ, జెర్బెరా, క్యాప్సికం పండిస్తున్నారు. అప్పు తెచ్చి కట్టిన పాలీహౌసులో ఈగలు ముసరగానే ఎవరికైనా గుండె గుభేలుమంటుంది. వెంటనే పంపు చేతికి తీసుకుంటాం. కానీ అది ఏ ఈగో తెలియకుండా కొట్టే మందు దండగ. ఒక్కోసారి అది పురుగును మరింత పెంచుతుంది కూడా.

మన సరిహద్దు ఊళ్ళలో పేర్ల చిక్కు ఒకటుంది. తెలుగులో తెల్లదోమ అనేదాన్ని కన్నడంలో బిళి నొణ అంటారు. నొణ అంటే ఈగ. మనకు దోమ, వాళ్ళకు ఈగ! నిజానికి అది రెండూ కాదు. ఈగకైనా దోమకైనా రెక్కలు రెండే, తెల్లదోమకు నాలుగు. అది పేనుబంకకు చుట్టం. కాబట్టి పేరును నమ్ముకోకండి. దాని పిల్ల పురుగు ఎక్కడ బతుకుతోందో చూడండి. బడిలో పిల్లలు వాడే భూతద్దం చాలు.

మొక్కను కదిపితే తెల్లని పొడిలా లేచిందా? అది తెల్లదోమ. దాని పిల్లలు ఆకు అడుగున పొలుసుల్లా అంటుకొని రసం పీలుస్తాయి. ఆకు జిగటగా మారి, దానిమీద నల్లని మసి పడుతుంది. టమాటాలో ఆకుముడుత వైరస్‌ను మోసేదీ ఇదే. మందు ఆకు పైన పడితే లాభం లేదు, అడుగున తడవాలి. వేపగింజల కషాయం 5 శాతం, అంటే 100 లీటర్ల నీటికి 5 కిలోల గింజల పొడి, బాగా పనిచేస్తుంది.

ఆకు మీద ముగ్గు వేసినట్టు తెల్లని వంకర గీతలున్నాయా? అది పాముపొడ. పసుపు, నలుపు కలిసిన చిన్న ఈగ ఆకును పొడిచి గుడ్లు పెడుతుంది. పురుగు ఆకు పొరల మధ్య తొలుచుకుంటూ పోతుంది. జెర్బెరాకు ఇది పెద్ద శత్రువు. అమెరికా ఖండానికి చెందిన ఈ ఈగ 1990ల తొలినాళ్ళలో మన దేశంలో కనబడింది. ఘాటైన మందులు పదేపదే కొడితే, ఈ పురుగును తినే సన్నని కందిరీగలు ముందు చస్తాయి. ఆకు లోపలి పురుగు మాత్రం మిగిలిపోతుంది. మందు పెరిగినకొద్దీ గీతలు పెరగడానికి కారణం ఇదే. గీతలు పడిన కింది ఆకులు కోసి కాల్చేయండి. అక్కడే పారేస్తే పురుగు నేలలోకి దిగి, మళ్ళీ ఈగై లేస్తుంది.

తడి కొబ్బరిపొట్టు మీద సన్నని నల్లని ఈగలు తిరుగుతున్నాయా? వాటి పిల్లలు నేలలో ఉండి లేత వేళ్ళు కొరుకుతాయి. బంగాళాదుంప ముక్కను కోసిన వైపు కిందికి పెట్టి, రెండు మూడు రోజుల తర్వాత తిప్పి చూడండి. నల్లని తల, తెల్లని ఒళ్ళు ఉన్న పురుగులు కనబడితే అనుమానం తీరినట్టే. వీటికి ఆకుల మీద మందు కొట్టి ఏం లాభం? ముందు నీళ్ళు తగ్గించండి, పైపొర ఆరనివ్వండి. నాచు పట్టనివ్వకండి.

మూడింటికీ పనికొచ్చేవి కొన్ని ఉన్నాయి. పక్కలకు సన్నని వల కట్టండి. గుమ్మానికి రెండు తలుపులు పెట్టండి. చుట్టూ కలుపు లేకుండా చూడండి. పసుపు రంగు జిగురు అట్టలు మొక్కల ఎత్తున వేలాడదీసి, వారానికోసారి పడిన ఈగలను లెక్కపెట్టి రాసుకోండి. లెక్క పెరుగుతుంటే అప్పుడే మందు ఆలోచన చేయండి. మూసిన కప్పు కింద మందు గాలి తొందరగా పోదు. పూలు కోసే ఆడవాళ్ళు పీల్చేది ఆ గాలినే. డబ్బా మీద రాసిన గడువు దాటేదాకా ఎవరినీ లోపలికి పంపకండి.

ఇంకా సందేహముంటే ఆకును కవరులో పెట్టి దగ్గరి కృషి విజ్ఞాన కేంద్రానికి గాని, హెసరఘట్టలోని భారతీయ ఉద్యాన పరిశోధన సంస్థకు గాని తీసుకెళ్ళి చూపించండి.