కొత్త విత్తనం దగ్గర రైతు ఎందుకు ఆగుతాడు?

తొలకరి పడితే యలమంచిలి చుట్టుపక్కల వరి రైతు ముందు ఒకటే ప్రశ్న: నిరుటి గింజే నారు పోయాలా, కొత్త రకం కొనాలా? కొత్తది వద్దంటే "వీళ్లకి తెలీదు" అనేస్తాం. లెక్క చూస్తే సంగతి వేరు.

తెలియకపోతే స్వర్ణ ఇంతగా పాకేది కాదు. పశ్చిమ గోదావరి జిల్లా మార్టేరు పరిశోధన కేంద్రం నుంచి 1982లో వచ్చిన ఈ రకం ఒడిశా, బెంగాల్ దాకా వెళ్లింది. పక్క చేలో పంట బాగుంటే రైతు ఎవరూ చెప్పకుండానే గింజ అడిగి తెచ్చుకుంటాడు.

మరి ఆగేదెక్కడ?

మొదటిది, నష్టభయం. విత్తనానికి, ఎరువుకి డబ్బు ముందే పెట్టాలి. వాన సంగతి తర్వాత గానీ తెలీదు. శారద, వరాహ నదుల పక్కన పల్లపు చేను మునిగితే పెట్టుబడంతా నీళ్లపాలే. 2014 అక్టోబరులో హుద్‌హుద్ ఇదే చూపించింది. స్వర్ణకి ముంపు తట్టుకునే గుణం కలిపిన స్వర్ణ సబ్-1 మన దేశంలో 2009లో విడుదలైంది. దాదాపు 2 వారాలు మునిగినా బతుకుతుంది. ఒడిశాలో పరిశోధకులు దీన్ని కొందరు రైతులకి ఇచ్చి చూస్తే, వాళ్లు ఎరువు కూడా ఎక్కువ వేశారు. పంట దక్కుతుందన్న ధైర్యం ఉంటే పెట్టుబడి దానంతట అదే వస్తుంది.

రెండోది, చేతిలో డబ్బు ఉండే సమయం. కెన్యాలో మొక్కజొన్న రైతులకి పంట అమ్ముకున్న వెంటనే, ఎరువు ఇంటికే తెచ్చిస్తామన్నారు. అంతే, కొనేవాళ్లు పెరిగారు. అదే మాట నెలలు గడిచాక చెబితే డబ్బు ఇంటి ఖర్చులకి అయిపోయి ఉంటుంది.

మూడోది, కౌలు. పట్టా తన పేర లేని రైతుకి బ్యాంకు లోను కష్టం. 2019 చట్టం 11 నెలల సాగు హక్కు కార్డు ఇస్తామంది గానీ, దానికి భూమి యజమాని సంతకం కావాలి. సంతకం దొరక్కపోతే వడ్డీకి తెచ్చుకోవాల్సిందే. వడ్డీ కట్టేవాడు కొత్త రకంతో ప్రయోగం చేయడు.

అందుకే వ్యవసాయం చేసే మన ఇళ్లలో మూడు పనులు చేయొచ్చు. పంట డబ్బు రాగానే విత్తనం, ఎరువు ఖర్చు పక్కన పెట్టండి. కొత్త రకం ముందు కొద్ది సెంట్లలో వేసి చూడండి. నీలం ట్యాగు ఉన్న ధ్రువీకరణ విత్తనమే కొని, బిల్లు, ట్యాగు, ఖాళీ సంచి కోత అయ్యేదాకా దాచండి. మొలక రాకపోతే మీ చేతిలో ఉండే రుజువు అదే.