ఈద్గాహ్ ఆవరణకు ఎండనోర్చే పొదలు

ఈద్గాహ్ ఏడాదిలో రెండు ఉదయాలు నిండుగా ఉంటుంది. మిగిలిన రోజులలో అక్కడి మొక్కకు నీరు పోసేవారుండరు. గోదావరి డెల్టాలో నీటికి కొరతేమిటని అనవచ్చు. ధవళేశ్వరం ఆనకట్ట 1852లో పూర్తయిన నాటి నుంచి కాలువలు పారుతున్న మాట నిజమే. కాని వేసవిలో వాటిని కట్టివేస్తారు. మెరక మీదనున్న ఈద్గాహ్‌లకు, ఖబ్రస్తాన్‌లకు అది గడ్డుకాలం.

అందువల్ల మధ్యధరా తీరదేశాల పొదలపై ఆసక్తి కలగడం సహజం. రోజ్‌మేరీ, లావెండర్, యూనానీ వైద్యులు హబ్బుల్ ఆస్ అనే కాయలనిచ్చే మిర్టిల్ – ఇవన్నీ వాన లేని వేసవిని తట్టుకునేవే. అయితే అక్కడ వానలు చలికాలంలో పడతాయి. మనకు జూన్ నుంచి అక్టోబరు వరకు వేడి, వాన కలిసే వస్తాయి. ఆ మొక్కలను మన ఎండకంటే బంకమట్టిలో వేళ్ల వద్ద నిలిచే నీరే త్వరగా చంపుతుంది.

కనుక విత్తనం వేయవలసింది తొలకరికి కాదు, వానలు తగ్గిన తరువాత నవంబరులో. మట్టికంటే ఇసుక పాలు ఎక్కువ ఉండాలి. లావెండర్ విత్తనాన్ని తడి ఇసుకలో కలిపి మూడు, నాలుగు వారాలు ఫ్రిజ్‌లో ఉంచాలి. ఆ చలి తగిలితే నిద్రావస్థ వీడి బాగా మొలుస్తుంది. రోజ్‌మేరీ గింజలలో మొలిచేవి కొద్ది. దానికి కొమ్మ నాటడమే మేలు. మొలిచిన నారును మరుసటి వానాకాలమంతా చూరు కింద కుండీలలోనే కాపాడి, ఆ తరువాత అడుగెత్తు మట్టికట్ట మీద నాటాలి.

ఇంత శ్రమ వద్దనుకునేవారికి దానిమ్మ ఉంది. మధ్యధరా తోటలలో అది ఎన్నడో స్థిరపడింది, మనకూ కొత్త కాదు. గింజల గుజ్జును నీటిలో రుద్ది కడిగి, నీడన ఆరబెట్టి, అరంగుళం లోతున వేస్తే సుమారు నెలలో మొలుస్తుంది. కాయ తల్లిచెట్టు కాయలా ఉండకపోవచ్చు. కంచెకు ఆ చింత లేదు.

గన్నేరు మాత్రం వద్దు. ఎండకు అది అన్నిటికంటే గట్టిదే, కడియపులంక నర్సరీలలో సులభంగా దొరుకుతుంది, రహదారుల నడుమ పూస్తూ కనబడుతుంది. కాని ఆకు, పువ్వు, కొమ్మ అన్నీ విషమే. ఎండిన ఆకులోనూ ఆ విషం పోదు. పిల్లలు ఆడే చోట, బక్రీద్ మేకలను కట్టే చోట అదెందుకు?

ఎండనోర్చే మొక్కకైనా వేరు దిగేవరకు దాహమే. మొదటి రెండు వేసవులు వారానికి రెండు బిందెల నీరు తప్పదు. ఆ నీరు ఎవరు పోస్తారో ముతవల్లీగారు మొక్క నాటే రోజునే పేరు రాసి పెట్టుకోవాలి.