బానిసల సేనాని స్పార్టకసు

రాజుల కథలు వ్రాయుటకు ఆస్థానకవులుందురు. బానిసల కథ వ్రాయువారెవరు? రోమా ప్రభుత్వమును సుమారు రెండేండ్లు గడగడలాడించిన స్పార్టకసు చరిత్రము మనకు అతని శత్రువుల పక్షపు గ్రంథములలోనే దొరకుచున్నది. అట్లయినను అది తెలిసికొనదగినది.

ఆ కాలమున రోమీయులు అనేక దేశములను జయించి, చెరపట్టిన జనులను సంతలలో అమ్ముచుండిరి. ఇటలీలోను సిసిలీలోను ధనవంతుల విశాలమైన పొలములను దున్నుటకును, ద్రాక్షతోటలను సాగుచేయుటకును, మందలను కాయుటకును ఈ బానిసలనే నియమించిరి. క్రీ. పూ. 135 ప్రాంతమున సిసిలీలో యూనసు అను సిరియా దేశపు బానిస తిరుగబడి, కిరీటము ధరించి, అంటియోకసు అను రాజనామమును వహించెను. క్రీ. పూ. 132లో రోమా సైన్యము ఆ రాజ్యమును రూపుమాపెను. అతడు చెరసాలలో మరణించెను.

స్పార్టకసు థ్రేసు దేశస్థుడు. కాపువా పట్టణమున ఒక యజమానుడు బానిసలకు కత్తిసాము నేర్పి, జనుల వినోదమునకై ఒకరితోనొకరు ప్రాణాంతకముగ పోరునట్లు చేయుచుండెను. ఇట్టివారిని గ్లాడియేటరులందురు. క్రీ. పూ. 73లో వారిలో 78 మంది వంటయింటి కత్తులను, మాంసము కాల్చు చువ్వలను చేతబట్టి పారిపోయిరని ప్లూటార్కు వ్రాసెను. వారు వెసూవియసు కొండ నెక్కగా, 3,000 మంది సైనికులు దిగుటకు గల యొక్క త్రోవను అడ్డగించిరి. అప్పుడు వారు కొండమీది అడవిద్రాక్ష తీగెలతో నిచ్చెనలు అల్లి, నిట్రమైన ప్రక్కనుండి దిగి, వెనుకనుండి శత్రువుల పాళెముమీద పడిరి. సైనికులు పరుగెత్తిపోయిరి.

ఈ వార్త విని పసులకాపరులును పొలము పనివారును గుంపులుగా వచ్చి చేరిరి. స్పార్టకసు కొల్లసొమ్మును అందరికి సమానముగ పంచెననియు, వర్తకులు వెండి బంగారములను పాళెములోనికి తేకుండ నిషేధించి, ఇనుమును కంచును మాత్రమే కొనెననియు అప్పియను అను చరిత్రకారుడు చెప్పుచున్నాడు. అయితే ఆ సేన గ్రామములను దోచుకొనెను. తన తోటి నాయకుడైన క్రిక్ససు యుద్ధమున చావగా, స్పార్టకసు 300 మంది చెరవారిని చంపించెనని అప్పియనే వ్రాసెను. ఈ దోషములను మనము దాచరాదు.

క్రీ. పూ. 72లో వారు రోమా అధిపతుల నిద్దరిని ఓడించి ఉత్తరమునకు నడచిరి. ఆల్ప్సు పర్వతములు దాటి ఎవరి స్వదేశమునకు వారు పోవలెనని స్పార్టకసు తలంపు. కాని గెలుపుచేత పొంగిన జనులు అతని మాట వినలేదని ప్లూటార్కు చెప్పుచున్నాడు. ఇంటి త్రోవను విడిచి సేన దక్షిణమునకు మరలెను. అచ్చట సిసిలీకి దాటింతుమని ఓడదొంగలు మాటయిచ్చి, కానుకలు పుచ్చుకొని, వీరిని తీరముననే విడిచి పోయిరి. రోమా సేనాని క్రాససు వారిని చుట్టుముట్టుటకు సముద్రమునుండి సముద్రమువరకు సుమారు 34 మైళ్ల కందకము త్రవ్వించెను. ఒక మంచు రాత్రి స్పార్టకసు కందకములో కొంత భాగమును మన్నుతోను కొమ్మలతోను పూడ్పించి దాటెను.

క్రీ. పూ. 71లో కడపటి యుద్ధము జరిగెను. దానికి ముందు అతడు తన గుఱ్ఱమును చంపి, గెలిచినయెడల శత్రువుల మంచి గుఱ్ఱములు దొరకుననియు, ఓడినయెడల గుఱ్ఱముతో పనిలేదనియు పలికెనట. అతడు పోరుచునే కూలెను, శవమైనను దొరకలేదు. చెరపట్టబడిన 6,000 మందిని కాపువానుండి రోమా వరకు బాట పొడవున సిలువ వేసిరి. సిలువ బానిసలకు విధించు మరణము. దాదాపు నూరేండ్ల పిమ్మట మన ప్రభువు పొందినదియు ఆ మరణమే.

స్పార్టకసు బుద్ధిమంతుడనియు సాధుస్వభావము గలవాడనియు, ఆ యుద్ధమునకు నూరేండ్లకు పైగా గడచిన తరువాత, ప్లూటార్కు ఒప్పుకొనెను. కాని ఆ 6,000 మంది పేళ్లను ఎవరును వ్రాసి యుంచలేదు. వారు ఏ యూరివారో, ఎవరి బిడ్డలో చెప్పు పంక్తి ఒక్కటియు మనకు దొరకలేదు.

తోటలలో నివసించు తలిదండ్రులారా, మన బిడ్డలకు అక్షరములు వచ్చును. మీ పెద్దలు ఏ గ్రామమునుండి బయలుదేరిరో, ఏ రేవున దిగిరో, ఎవరెవరు దారిలో మరణించిరో, నేడే వారిచేత వ్రాయించుడి. చెప్పగల ముదుసలి మీ యింట నున్నప్పుడే ఆ పని కావలెను.