సంక్రాంతికి, సంక్రాంతి నాడు

మన భాషలో విభక్తి ప్రత్యయము మాటకు వెనుక చేరును. ఆంగ్లమున ఆ పని చేయు చిన్న పదము మాటకు ముందు నిలుచును. దానిని ప్రిపోజిషన్ అందురు. కాలమును తెలుపుటకు అందు ముఖ్యమైనవి మూడు: ఎట్, ఆన్, ఇన్. మూడును రెండేసి అక్షరముల పదములే. పెద్ద పెద్ద మాటలను తప్పులేక వ్రాయు పిల్లలు సహితము వీనియొద్ద తొట్రుపడుచుందురు.

గడియారము చూపు క్షణమునకు ఎట్ వాడవలయును. మనము ‘ఐదు గంటలకు’ అన్నచోట వారు ‘ఎట్ ఫైవ్ ఓ క్లాక్’ అందురు. ఒక దినమును చెప్పునపుడు ఆన్ వచ్చును. ఇది మన ‘నాడు’ వంటిది. ఆంధ్రప్రదేశ్ అవతరించినది 1956వ సంవత్సరము నవంబరు 1వ తేదీ నాడు. కావున ‘ఆన్ ద ఫస్ట్ ఆఫ్ నవంబర్’. తేదీని విడిచి నెలను గాని సంవత్సరమును గాని చెప్పినచో ‘ఇన్ నవంబర్’, ‘ఇన్ 1956’. ఇచ్చట మన ‘లో’ సరిపోవును.

ఇంతవరకు దారి చక్కగానే యున్నది. ‘ఉదయమున’ అనుటకు ‘ఇన్ ద మార్నింగ్’ అనియు, ‘రాత్రిపూట’ అనుటకు ‘ఎట్ నైట్’ అనియు వాడుదురు. అదే ఉదయమునకు వారము పేరు తోడైనచో ఇన్ తొలగి, ‘ఆన్ మండే మార్నింగ్’ అగును. రాత్రికి మాత్రము ఎట్ ఏల వచ్చెనని నన్ను పలువురు పిల్లలు అడిగిరి. వాడుకయే ప్రమాణమని చెప్పుట తప్ప నాకు వేరు సమాధానము తోచలేదు. ‘నెక్స్ట్ మండే’, ‘లాస్ట్ మండే’ అనునపుడు ముందు ఏ ప్రిపోజిషనును ఉండదు. మనము ‘వచ్చే సోమవారము నాడు’ అందుము గనుక, ఆ ‘నాడు’ను చూచి ‘ఆన్ నెక్స్ట్ మండే’ అని వ్రాయుట మన పిల్లలకు సహజమైన పొరపాటు.

ఇక పండుగల సంగతి. ‘అల్లుడు సంక్రాంతికి వచ్చినాడు’ అన్నచో భోగినాడు వచ్చినను, కనుమనాడు వచ్చినను ఆ మాట చెల్లును. ‘సంక్రాంతి నాడు వచ్చినాడు’ అన్నచో అది ఆ ఒక్క దినమే. ఆంగ్లమునను ఈ భేదమే కలదు. ‘ఎట్ క్రిస్మస్’ అనగా ఆ పండుగ రోజులలో. ‘ఆన్ క్రిస్మస్ డే’ అనగా డిసెంబరు 25వ తేదీ నాడు. ఈ సూక్ష్మము తెలుగు బిడ్డకు ఉగ్గుపాలతోనే వచ్చినది. మరల నేర్వ బనిలేదు. వారాంతమునకు మాత్రము ఇంగ్లండు వారు ‘ఎట్ ద వీకెండ్’ అనియు, అమెరికా వారు ‘ఆన్ ద వీకెండ్’ అనియు అందురు. ఏది వ్రాసినను తప్పుగాదు.

అన్నిటికన్న చిక్కైనది ఇన్. నేను ఉపాధ్యాయుడుగా నున్న తొలినాళ్ళలో ఒక సోమవారము మా విద్యార్థి యింటికి తంతి వచ్చెను. (తంతి సేవ మన దేశమున 2013లో నిలిచిపోయినది.) దూరదేశమున నున్న అన్న ‘అరైవింగ్ ఇన్ త్రీ డేస్’ అని పంపినాడు. బాలుడు దానిని ‘మూడు దినములలో వచ్చును’ అని తండ్రికి చదివి చెప్పెను. మూడు దినములు దాటక మునుపే, ఎన్నడైనను రావచ్చునని ఆ రైతు తలంచెను. మంగళవారము బండి కట్టుకొని రైలు స్టేషనుకు పోయెను, కొడుకు రాలేదు. బుధవారమును రాలేదు. దారిలో ఏమి కీడు మూడెనో యని ఆ రాత్రి ఇంట పొయ్యి వెలుగలేదు. గురువారము బండి కట్టు ఓపిక ఎవరికిని లేకపోయెను. ఆనాడే అన్న రైలు దిగి, పెట్టె నెత్తిన బెట్టుకొని, మిట్టమధ్యాహ్నము ఎండలో నడచి ఇల్లు చేరెను.

అన్న వ్రాసినది తప్పుగాదు. ఆ వాక్యములో ఇన్ అనగా మూడు దినములు గడచిన పిమ్మట అని. గడువు లోపల అనుటకు ‘వితిన్’ అను వేరు పదము కలదు. బాలుడు చదివినదియు తన తప్పు గాదు. ‘ఇన్ అనగా లో’ అని వానిచేత వల్లె వేయించినవాడను నేనే. మరునాడు తరగతిలో ఆ అర్థమును నల్లబల్లపై నుండి తుడిచివేసి, పాఠమును మొదటినుండి మరల చెప్పితిని.