కారు ఎన్నిసార్లు కూసిందో లెక్కపెట్టారా?

అర్ధరాత్రి వీధిలో నిలిపిన కారు ఉన్నట్టుండి కేకలు పెడుతుంది. ఊరి కుక్కలు అందుకుంటాయి. యజమాని నిద్రమత్తులో వచ్చి మీట నొక్కి దాని నోరు మూయిస్తాడు. ఇలా నాలుగు రాత్రులు గడిచేసరికి విసుగెత్తి సైరను వైరు కత్తిరించేస్తాడు. అసలు ఇబ్బంది అక్కడే మొదలవుతుంది.

అలారం ఊరకే కూయదు. తాళం వేసిన ప్రతిసారీ తలుపులు, డిక్కీ, బోనెట్ దగ్గరి స్విచ్చులు సరిగా ఉన్నాయో లేదో అది తనంతట తానే చూసుకుంటుంది. చాలా రకాల అలారాలు తాళం పడితే ఒకసారి, తీస్తే రెండుసార్లు కూస్తాయి. వేసేటప్పుడు అదనంగా కూత వినిపిస్తే ఏదో తలుపు సరిగా పడలేదని, లేదా స్విచ్చు చెడిందని అర్థం. తీసేటప్పుడు అదనంగా కూస్తే మీరు లేనప్పుడు అలారం మోగిందని కబురు. అప్పుడు డాష్‌బోర్డు మీది చిన్న ఎర్రదీపం ఎన్నిసార్లు మిణుకుమందో లెక్కపెట్టాలి. తలుపుకు ఒక లెక్క, బోనెట్‌కు ఒకటి, అద్దం మీద దెబ్బను పసిగట్టే సెన్సారుకు మరొకటి. ఈ లెక్క కంపెనీకో తీరుగా ఉంటుంది కనుక పాత కారు కొనేవారు ఆర్.సి.తోపాటు అలారం పుస్తకం కూడా అడిగి పుచ్చుకోవాలి. మనవాళ్లు దాన్ని పొట్లాలు కట్టడానికి వాడేస్తారు!

భావనపాడు, కళింగపట్నం, చింతపల్లి వంటి తీరగ్రామాల్లో ముందుగా అనుమానించవలసింది బోనెట్ స్విచ్చునే. ఉప్పుగాలికి అది తుప్పుపడుతుంది. బోనెట్ మూసి ఉన్నా, ఎవరో తెరిచారని అలారం భ్రమపడుతుంది. 2018 అక్టోబరు 11న పలాస ప్రాంతాన్ని తాకిన తిత్లీ వంటి తుపానులో నీరు చేరిన కార్లలోనైతే వైర్ల అతుకుల వద్ద పచ్చతుప్పు నెలల తర్వాత బయటపడవచ్చు. కోతలయ్యాక పొలం ఎలుకలు వైర్లు కొరకడం ఉండనే ఉంది.

బ్యాటరీ నీరసించినా కొన్ని అలారాలు కూస్తాయి. ఇంజను ఆపి కొన్ని గంటలు ఉంచాక మంచి బ్యాటరీ 12.6 వోల్టుల దరిదాపుల్లో చూపాలి. 12కు దిగితే అలారాన్ని తిట్టే ముందు బ్యాటరీ చూపించుకోండి.

ఇక వైరు కత్తిరించినవారి సంగతి. సైరను మూగబోయినా, ఇంజను స్టార్టు కాకుండా ఆపే ఏర్పాటు ఉన్న కారులో ఆ పెట్టె పని చేస్తూనే ఉంటుంది. స్విచ్చు లోపంతో అది దొంగ పడ్డాడనుకుంటే ఇంజనును ఆపేస్తుంది. చప్పుడు లేదు కనుక కారణం తెలియదు. పురిటినొప్పుల మనిషిని రాత్రివేళ శ్రీకాకుళం పెద్దాసుపత్రికి తీసుకువెళ్లాలంటే కారు కదలదు. అందుచేత వైరు జోలికి పోకుండా, ముందు బోనెట్ ఎత్తి ఆ స్విచ్చును పొడిగుడ్డతో తుడిచి, మళ్లీ తాళం వేసి కూతలు లెక్కపెట్టి చూడండి.