రాష్ట్ర మహాసభకు ప్రతినిధి

ఏ రాజకీయ పక్షమైనను రాష్ట్ర మహాసభ జరుపుకొన్నప్పుడు, ఇన్ని వందలమంది ప్రతినిధులు హాజరైరనియు, ఇన్ని తీర్మానములు ఆమోదింపబడెననియు వార్తలలో విందుము. ఆ ప్రతినిధులెవరు? వారిని పంపినదెవరు? మాచర్ల దాపున నాపరాతి గనిలో పనిచేయు కూలియో, మిరప పండించు రైతో ఆ సభలో కూర్చుండి చేయి యెత్తవలెనన్న ఏ మెట్లు ఎక్కవలెను? శాసనసభకు ఓటు వేయు పద్ధతి మనలో అందరకును తెలిసినదే. పక్షముల లోపలి ఓటును గూర్చి తెలిసినవారు మాత్రము తక్కువ. కాని మన యెదుటికి వచ్చు అభ్యర్థులును, విధానములును ముందుగా ఆ లోపలనే రూపొందుచున్నవి గదా!

తొలినాళ్ల కాంగ్రెసు మహాసభలకు ఏ బహిరంగ సభయైనను, ఏ సంఘమైనను తనకు తోచినంతమందిని ప్రతినిధులుగ పంపుచుండెడిది. పట్టణములలోని విద్యావంతులు, ప్రయాణవ్యయమును భరింపగలవారు ఎక్కువగ వెళ్లుచుండిరి. 1920 డిసెంబరులో నాగపురమున ఆమోదించిన నియమావళి ఈ స్థితిని మార్చినది. 21 ఏండ్లు నిండి, సంస్థ ఆశయమును వ్రాతమూలకముగ అంగీకరించి, ఏడాదికి నాలుగణాలు చెల్లించినవారు సభ్యులు కాగలిగిరి. 50,000 జనాభాకు ఒక్క ప్రతినిధికి మించరాదని నిర్ణయించిరి. భాషలనుబట్టి ఏర్పరచిన 21 కాంగ్రెసు రాష్ట్రములలో ఆంధ్రమొకటి. ఆ మరుసటి యేడే పల్నాటి పల్లెలలో పుల్లరి నిరాకరణము సాగినది. 1922 ఫిబ్రవరిలో మించాలపాడున కన్నెగంటి హనుమంతు కాల్పులకు బలియయ్యెను. అడవిలో పశువులను మేపుకొను రైతు కష్టము మహాసభకు చేరవలెనన్న, ఆ రైతు సభ్యుడు గావలెను. అతని ఓటుతో ఒకరు అచటికి వెళ్లవలెను. నాలుగణాల రసీదునకు గల విలువ అది.

నేడు ఈ మార్గము అన్ని పక్షములలోను ఒకే తీరుగ లేదు. కమ్యూనిస్టు పక్షములలో నిచ్చెన మెట్లు స్పష్టముగ కనబడును. క్రొత్తగ చేరినవారు మొదట అభ్యర్థి సభ్యులు. వారికి ఓటు లేదు. పూర్తి సభ్యత్వము వచ్చిన పిమ్మట శాఖ సమావేశములో ఓటు వేయుదురు. శాఖనుండి మండలమునకు, మండలమునుండి జిల్లాకు, జిల్లానుండి రాష్ట్రమునకు ప్రతినిధులు ఎన్నికగుదురు. పూర్వము గుంటూరు జిల్లాలోనిదైన మాచర్ల 2022 ఏప్రిల్ 4 నుండి పల్నాడు జిల్లాలో చేరినందున, జిల్లా మెట్టు ఇప్పుడు దగ్గరైనది. ఎచటినుండి ఎందరు రావలెనో సభ్యుల సంఖ్యనుబట్టి పై కమిటీ ముందుగా నిర్ణయించును.

మహాసభలో మొదట అధ్యక్షవర్గము ఏర్పడును. వచ్చినవారు నిజముగ ఎన్నికైనవారో కాదో పరిశీలించుటకు వేరొక సంఘముండును. కార్యదర్శి నివేదికను చదువును. ప్రతినిధులు విమర్శింతురు, సవరణలు ప్రతిపాదింతురు. తుదకు క్రొత్త కమిటీకి పేర్ల జాబితా వచ్చును. దానికి వేరొక పేరు చేర్చుమని కోరు హక్కు ప్రతినిధికి కలదు. పోటీ తప్పనప్పుడు రహస్య ఓటు జరుగును. ఇట్టి సభలు చరిత్రను మార్చిన సందర్భములును కలవు. 1964 జూలైలో తెనాలిలో సమావేశమైన 146 మంది ప్రతినిధుల నిర్ణయము, అదే యేట కలకత్తాలో మార్క్సిస్టు పక్షము వేరుగ ఏర్పడుటకు దారితీసినది.

కాంగ్రెసులో బ్లాకు స్థాయినుండి వచ్చువారు ప్రదేశ్ కాంగ్రెసు ప్రతినిధులు. 2022 అక్టోబరు 17న జరిగిన అధ్యక్ష ఎన్నికలో ఇట్టి ప్రతినిధులు 9,385 మంది ఓటు వేసిరి. మల్లికార్జున ఖర్గేకు 7,897, శశి థరూరుకు 1,072 ఓట్లు రాగా, తక్కినవి చెల్లలేదు. దేశమంతటిలోను ఆ ఓటు గలవారు పదివేలకు లోపే! తెలుగుదేశము వారి మహానాడు ఎన్.టి. రామారావు జన్మదినమైన మే 28 ప్రాంతమున జరుగును. ఏ పక్షమునందైనను, చర్చలో కూర్చుండు ప్రతినిధి వేరు, బహిరంగ సభకు వచ్చిన శ్రోత వేరు అను విషయమును మరువరాదు.

చట్టమేమి చెప్పుచున్నది? 1989 నుండి అమలులోనున్న ప్రజాప్రాతినిధ్య చట్టపు 29-ఏ విభాగము ప్రకారము పక్షములు తమ నియమావళిని ఎన్నికల సంఘమునకు సమర్పించి నమోదు కావలెను. శాశ్వతాధ్యక్ష పదవి ప్రజాస్వామ్యమునకు విరుద్ధమని ఆ సంఘము 2022లో స్పష్టము చేసినది. నిర్ణీత కాలమున ఎన్నిక జరుగనిచో ప్రతినిధి చేతిలోని ఓటు వట్టి కాగితమే యగును.

పల్నాటివారికి రాయబారమనగానే అలరాజు స్ఫురించును. మాచర్ల పక్షమున గురజాలకు వెళ్లిన ఆ వీరుడు విషప్రయోగమునకు బలియైనట్లు గాథ చెప్పును. రాయబారి తన్ను పంపినవారి మాటను మోసికొని పోవును. ప్రతినిధియో, ఆ మాటను విన్న పిమ్మట తన వివేకముతో ఓటు వేయును. ఈ రెండింటికిని గల భేదమే మన విషయమునకు ప్రాణము. ఊరిపెద్ద చెప్పినాడని, ఎదురు చెప్పుటకు జంకి, "ఏకగ్రీవము" అని వ్రాసి పంపిన పేరు రాయబారిది కూడ కాదు. అది మౌనము యొక్క పేరు. అందరును మనఃపూర్వకముగ ఒప్పుకొన్న ఏకగ్రీవము మంచిదే. అది ఒప్పుకోలో, భయమో తెలియవలెనన్న, వేరొక పేరు చెప్పుటకు ఒకరికైనను అవకాశమిచ్చి చూడవలెను.

కావున పక్షమేదైనను, సభ్యులైనవారు రసీదును భద్రపరచుకొనవలెను. తమ శాఖ సమావేశము ఎన్నడో ముందుగా అడిగి తెలిసికొనవలెను. ఆడువారును, కూలిజనమును అచటికి రాగల వేళ నిర్ణయింపుమని కోరవలెను. తాము పంపిన ప్రతినిధి తిరిగి వచ్చిన పిమ్మట, "నీవు ఏ తీర్మానమునకు చేయి యెత్తితివి? ఎందులకు?" అని ప్రశ్నింపవలెను. ఆ ప్రశ్నకు సమాధానము చెప్పవలసివచ్చునని యెరిగినవాడే సభలో మెలకువగా కూర్చుండును.